తన్ఖా కింద పోయిన ముల్కు

ఉర్దూ మీడియం బడిలో 'తైనాత్' అనే మాట మాకు రోజువారీ మాట. ఫలానా పోలీసు ఫలానా చౌకీలో తైనాత్, ఫౌజీ సర్హద్ మీద తైనాత్. డ్యూటీకి పంపారు అన్నంతే దాని మతలబు. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక అదే మాట వేరే మొహంతో ఎదురైంది. తెలుగులో 'తైనాతీ' అంటే పెద్దమనిషి వెనకాల తిరుగుతూ ఆయన పనులు చక్కబెట్టే మనిషి. మంత్రిగారి తైనాతీలు అని పేపర్లో రాశామంటే అది తిట్టే. మరాఠీవాళ్ళు 'తైనాతీ ఫౌజ్' అంటారు, ఒక హుకూమత్ తన సిపాయిల్ని ఇంకో హుకూమత్ కొలువుకు పంపితే ఆ ఫౌజు. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో దానికే 'సైన్య సహకార పద్ధతి' అని పేరు. పేరు వినగానే పిల్లలకు నిద్ర వస్తుంది. పరీక్షలో ఐదు మార్కుల జవాబు రాసి మర్చిపోతారు. కానీ ముసునూరు, నూజివీడు, ఏలూరు వైపు ఉన్న మన ఖాందాన్లకు అది ఐదు మార్కుల సంగతి కాదు. మనం నిలబడ్డ ఈ నేల ఒకప్పుడు ఇలా అరువు తెచ్చుకున్న సిపాయిల తన్ఖా కింద చేతులు మారింది.

ఫౌజీని ఒక చోట నుంచి ఇంకో చోటికి, ఒక దళం నుంచి ఇంకో దళానికి కొన్నాళ్ళ కోసం ఇవ్వడం ఈరోజు కూడా జరుగుతూనే ఉంది. ఆర్మీ అఫ్సరు ఎన్.సి.సి.కి డెప్యుటేషన్ మీద పోతాడు, కమాండో దళం ఎన్.ఎస్.జి.కి పోతాడు. కాగితం మీద అంతా సాఫ్‌గా ఉంటుంది. తన్ఖా ఎవరివ్వాలి, హుకుం ఎవరిది, ఎప్పుడు వాపస్ రావాలి, మూడూ రాసి ఉంటాయి. మన తవారీఖ్‌లో ఈ మూడూ సాఫ్‌గా లేకపోవడం వల్ల ఏమైందో చెప్పడానికే ఈ మజ్మూన్.

1751 దగ్గర మొదలుపెడదాం. దక్కన్ గద్దె కోసం ఆసఫ్ జాహీ ఖాందాన్‌లో కొట్లాట. నాసిర్ జంగ్ 1750 డిసెంబరులో తన సొంత పఠాన్ నవాబుల చేతుల్లోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆయన మేనల్లుడు ముజఫర్ జంగ్‌ను పుదుచ్చేరి పరాసులు గద్దెనెక్కించారు. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు, మన పాత తెలుగు మాటే. కొత్త నిజాంకు తోడుగా పుదుచ్చేరి గవర్నర్ డూప్లే తన అఫ్సర్ బుస్సీని, సుమారు 300 మంది ఫిరంగీ సిపాయిల్ని, 2000 మంది దేశీ సిపాయిల్ని ఇచ్చి పంపాడు. వాళ్ళు ఫ్రెంచి కుంఫిణీ మనుషులు, కొలువు మాత్రం నిజాంది. దారిలో రాయచోటి వైపు జరిగిన లడాయిలో ముజఫర్ జంగ్ చనిపోయాడు. లష్కరు ఇంకా అక్కడే ఉండగా బుస్సీ క్షణం ఆలస్యం చెయ్యకుండా సలాబత్ జంగ్‌ను నిజాంగా నిలబెట్టాడు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. అరువుకు వచ్చిన అఫ్సరు, అరువు తీసుకున్న దర్బారుకు మాలిక్ ఎవరో తేల్చేశాడు. ఫౌజు దర్బారుకు తైనాతీనా, దర్బారు ఫౌజుకు తైనాతీనా అన్నది ఆ రోజే అర్థమై ఉండాల్సింది.

రెండేళ్ళు గడిచాయి. నిజాం ఖజానాలో రూపాయలు లేవు. మరాఠాలతో లడాయిలు, బకాయీలు. బుస్సీకి తబియత్ బాగోలేక 1753లో మచిలీపట్నం వచ్చి సముద్రపు గాలికి పడుకున్నాడు. అదే అదనుగా దివాన్ సయ్యద్ లష్కర్ ఖాన్ పరాసు ఫౌజు తన్ఖా ఆపి, సిపాయిల్ని వసూళ్ళ పేరుతో నాలుగు దిక్కులకూ చెదరగొట్టాడు. కడుపు కాలితే వాళ్ళంతట వాళ్ళే పోతారని ఆయన లెక్క. తెలివైన లెక్కే. కానీ బుస్సీ లేచి కూర్చున్నాడు. మచిలీపట్నం నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి ఔరంగాబాదు పోయి, ఆ ఏడాది ఆఖరుకల్లా నిజాం దగ్గర ఒక సనద్ రాయించుకున్నాడు. నాలుగు సర్కారుల ఆమ్దానీ ఇకమీద నేరుగా ఫ్రెంచి ఫౌజుకే: ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం. ఫ్రెంచి ఫౌజు నిజాం కొలువులో ఉన్నన్నాళ్ళూ ఇది చెల్లుతుందన్నది షరతు.

ముస్తఫానగర్ అంటే వేరే ఎక్కడో అనుకోకండి. మన కొండపల్లే. గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలోనే కొండపల్లికి ముస్తఫానగర్, కొండవీటికి ముర్తజానగర్ అని పేర్లు పెట్టారు. కాగితాల్లో ఉండిపోయాయి, జనం నోట నిలవలేదు. ముసునూరు, నూజివీడు అటు కొండపల్లికీ ఇటు ఏలూరుకూ నడిమధ్యన. రెండు సర్కారులూ ఆ సనద్‌లోనే ఉన్నాయి. ముసునూరి నాయకుల ఇంటిపేరుతో పద్నాలుగో శతాబ్దంలోనే మన ఊరి పేరు తవారీఖ్‌లోకి ఎక్కిందని పెద్దలు గొప్పగా చెప్తారు, చెప్పాల్సిందే. పద్దెనిమిదో శతాబ్దంలో మాత్రం మన ఊరు ఏ వీరుడి కథలోనూ కాదు, ఒక జీతాల పద్దులో ఉంది.

మామిడి తోటల మధ్య బతికేవాళ్ళం కాబట్టి మన భాషలో చెప్తాను. పూత మీద తోట గుత్తకు ఇవ్వడం మనకు తెలుసు. కాపలాకు మనిషిని పెట్టుకోవడమూ తెలుసు. కాపలావాడికి జీతం ఇవ్వలేక, 'తోట నువ్వే కోసుకో, నీ జీతం అందులో చూసుకో' అన్న రైతును ఎక్కడైనా చూశారా? సలాబత్ జంగ్ చేసింది అదే. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి అన్నీ కాపలావాడి గంపలోకే. పైగా కాపలావాడు తోటలో ఉన్నన్నాళ్ళే ఈ ఒప్పందం అన్నారు. ఇంక వాడు తోట వదిలి ఎందుకు పోతాడు?

ఆ ముల్కులో ఉన్నవాళ్ళు ఊరికే ఒప్పుకోలేదు. రాజమండ్రి, శ్రీకాకుళం చూసే నవాబు జాఫర్ అలీ ఖాన్ ఎదురు తిరిగి నాగపూర్ మరాఠాలను పిలుచుకున్నాడు. వాళ్ళొచ్చి దోచుకుని పోయారు. విజయనగరం రాజు విజయరామరాజు మొదట జాఫర్ అలీతో ఉండి తర్వాత ఫ్రెంచివాళ్ళతో దోస్తీ కట్టాడు. అందరూ ఎవరో ఒకర్ని పిలుచుకున్నవాళ్ళే. ఈ ముక్క గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఫిరంగీలను ఈ దేశంలోకి తెచ్చింది నవాబులే అని ఒకరు, కాదు రాజులే అని ఇంకొకరు వాట్సాప్‌లో కొట్టుకుంటుంటారు. ఆ కాలం కాగితాలు చూస్తే మజహబ్‌తో పనేం కనపడదు. తన్ఖా ఇచ్చే తాకత్ లేకుండా పరాయి ఫౌజును పిలిచినవాడు నవాబైనా రాజైనా ఒకటే అంజాం.

1756లో నిజాం దర్బారుకు కళ్ళు తెరుచుకున్నాయి. అప్పటి దివాన్ షా నవాజ్ ఖాన్. 'మఆసిర్ ఉల్ ఉమరా' రాసిన ఆలిమ్ ఈయనే. మొగల్ ఉమరాల జీవితాలు తెలుసుకోవాలంటే ఇప్పటికీ ఆ కితాబే గతి. ఆయన బుస్సీకి బర్తరఫ్ హుకుం ఇచ్చాడు. కొలువు అయిపోయింది, పొమ్మన్నాడు. బుస్సీ పోలేదు. హైదరాబాదు వచ్చి చార్ మహల్ బాగ్‌లో ఫిరంగులు పెట్టుకుని కూర్చున్నాడు. నిజాం ఫౌజు చుట్టుముట్టింది. మచిలీపట్నం నుంచి మదత్ వచ్చేదాకా పట్టు వదల్లేదు. చివరకు నిజామే రాజీకి వచ్చాడు. జీతగాడిని మాలిక్ తీసెయ్యలేకపోతే ఇక ఆ నౌకరీకి అర్థం ఏముంది!

ఆ మరుసటి ఏడు 1757 జనవరి 24న బొబ్బిలి. ఆ కథ తెలుగునాట చిన్నపిల్లాడికి కూడా కంఠతా వచ్చు కాబట్టి మళ్ళీ చెప్పను. బుర్రకథలో పాపారాయుడి రోషం వినిపిస్తుంది, బుస్సీ దివాన్ హైదర్ జంగ్ కుట్ర వినిపిస్తుంది. వినపడనిది ఒకటుంది. నిజాం రక్షణ కోసమని వచ్చిన ఫౌజు ఇద్దరు జమీందార్ల తగాదాలో బొబ్బిలి కోట ముందు ఏం చేస్తోంది? తన జీతం తను వసూలు చేసుకుంటోంది. తన్ఖా కింద ఇచ్చిన ముల్కులో పేష్కష్ రాబట్టుకోవడానికి వచ్చింది. విజయనగరం వాళ్ళు తమ దుష్మనీని ఆ వసూళ్ళతో ముడేశారు. ఫలితంగా ఒక కోట మొత్తం ఆడవాళ్ళు, పిల్లలతో సహా ఖతం.

ఇప్పుడు కాసేపు సముద్రం మీదికి పోవాలి. షా నవాజ్ ఖాన్ బుస్సీని వదిలించుకోవడానికి మద్రాసు ఇంగ్లీషు కుంఫిణీని ఫౌజు అడిగాడు. ఒక అరువు ఫౌజును పంపించడానికి ఇంకో అరువు ఫౌజు! మద్రాసు వాళ్ళు సరేనని తయారవుతుండగా కలకత్తా సిరాజుద్దౌలా చేతికి పోయిందని ఖబర్ వచ్చింది. నిజాంకు పంపాలనుకున్న ఫౌజు సంగతి పక్కనపెట్టి అందరూ బెంగాల్ వైపు తిరిగారు. అక్కడ మొదలైంది ఇంగ్లీషువాళ్ళ ఇంటి పంచాయితీ. మద్రాసులో రెండు రకాల గోరా ఫౌజులున్నాయి. ఒకటి కుంఫిణీ సొంతం. రెండోది ఇంగ్లండ్ బాద్షా పంపిన 39వ రెజిమెంటు, దాని కర్నల్ ఆడ్లర్‌క్రాన్. సర్దారీ క్లైవుకు ఇచ్చేసరికి ఆడ్లర్‌క్రాన్‌కు మండింది. బాద్షా కర్నల్‌ను నేనుండగా కుంఫిణీ మనిషి కింద నా సిపాయిలా, పంపేది లేదన్నాడు. ఆఖరుకు ఒక తర్కీబ్ కనిపెట్టారు. ఆ రెజిమెంటులో మూడు కంపెనీల జవాన్లను అడ్మిరల్ వాట్సన్ జహాజుల మీద మెరైన్లుగా ఎక్కించారు. నేల ఫౌజు మనుషులు కొన్నాళ్ళు నీటి ఫౌజు మనుషులయ్యారు. అలా ఎవరి ఇజ్జత్ వాళ్ళకు మిగిలింది.

మిగిలిందా? 1757 జనవరి 2న కలకత్తా కోట మళ్ళీ చేతికొచ్చిన రోజే తమాషా జరిగింది. జహాజు మీద మెరైనుగా వచ్చిన 39వ రెజిమెంటు కెప్టెన్ ఐర్ కూట్ చేతికి అడ్మిరల్ వాట్సన్ ఒక పర్వానా ఇచ్చాడు. కోటకు నువ్వే గవర్నరువి, కుంఫిణీ సిపాయిల్ని లోపలికి రానివ్వొద్దు అని. క్లైవు వచ్చి, నేను నీకంటే పైవాణ్ణి, మాట వినకపోతే నిన్నే గిరఫ్తార్ చేస్తానన్నాడు. క్లైవు బయటకు రాకపోతే కోట మీద తన ఫిరంగులే పేలుస్తానని జహాజు మీంచి అడ్మిరల్ కబురు పెట్టాడు. సిరాజుద్దౌలా ఇంకా బతికే ఉన్నాడు, ఆయన లష్కరు ఇంకా మిగిలే ఉంది, వీళ్ళు ఒకరినొకరు పేల్చుకుంటామంటున్నారు. క్లైవు తాళాలు అడ్మిరల్‌కు ఇవ్వడం, అడ్మిరల్ వాటిని కుంఫిణీ పాత గవర్నరుకు ఇవ్వడంతో పంచాయితీ సద్దుమణిగింది. నిజాం దర్బారులో అయినా, ఇంగ్లండ్ జహాజు మీద అయినా రోగం ఒకటే. ఫౌజీ ఇక్కడ, హుకుం ఎక్కడో. తేడా ఏమిటంటే ఇంగ్లీషువాళ్ళ కొట్లాట వాళ్ళవాళ్ళ మధ్య ఇజ్జత్ కోసం. మన దగ్గర జమీన్ పోయింది.

ఆ జహాజుల్లో గోరాలు కొందరే. మద్రాసు నుంచి పోయిన దేశీ సిపాయిలే ఎక్కువ. దక్షిణాది నుంచి, అందులోనూ తెలుగు ముల్కు నుంచి మొదట్లో పోయిన సిపాయిల వల్ల ఉత్తరాదిలో కుంఫిణీ సిపాయికి 'తిలంగా' అని పేరు పడింది. ఉర్దూ చదువుకున్నవాళ్ళు ఈ మాట చూసే ఉంటారు. 1857 గదర్ నాటి దిల్లీ ఉర్దూ రాతల్లో తిరగబడ్డ సిపాయిలందరూ 'తిలంగే'. వాళ్ళు అవధ్ వాళ్ళు, బిహార్ వాళ్ళు. తెలుగు ముక్క ఒకడికీ రాదు. నూరేళ్ళ కిందట ఎరువుగా పోయినవాళ్ళ ఊరి పేరు, అక్కడే పుట్టినవాళ్ళకు లఖబ్‌గా మిగిలిపోయింది. వాళ్ళలో ఎంతమంది ఇంటికి తిరిగొచ్చారో ఏ దఫ్తర్ చెప్పదు.

పేరు మిగిలినవాడు ఒకడున్నాడు, ఇబ్రాహీం ఖాన్ గార్దీ. బుస్సీ ఫౌజులో ఫ్రెంచి కవాతు నేర్చుకున్న దక్కనీ ముసల్మాన్. గార్దీ అన్న లఖబ్ కూడా ఫ్రెంచి గార్ద్ నుంచి వచ్చిందే అంటారు. బుస్సీ తర్వాత నిజాం అలీ దగ్గర కొలువు, అక్కడి నుంచి పీష్వా కొలువు. 1760లో ఉద్గీర్ దగ్గర తన పాత మాలిక్ నిజాం ఫౌజు మీదే ఫిరంగులు పేల్చాడు. 1761 జనవరి 14న పానిపట్‌లో మరాఠాల తరఫున అహ్మద్ షా అబ్దాలీతో లడాయి చేశాడు, ఓడాక పట్టుబడి కత్ల్ అయ్యాడు. చివరిదాకా మరాఠాలను వదల్లేదు. ఆయన్ని కొందరు వఫాదార్ అంటారు, కొందరు తన్ఖా కోసం ఎటైనా పోయే ఆద్మీ అంటారు. నాకు రెండూ సహీ అనిపిస్తాయి. కొలువు ఎన్నిసార్లు మారినా, ఏ కొలువులో ఉన్నప్పుడు దాని నమక్ తిన్నవాడే.

మళ్ళీ మన వైపు వద్దాం. 1758లో పుదుచ్చేరికి కొత్తగా వచ్చిన లాలీ, బుస్సీని వెనక్కి పిలిచేశాడు. నిజాం బతిమాలినా లాభం లేకపోయింది. అరువిచ్చినవాడికి అవసరమైతే అరువు అలాగే పోతుంది. బుస్సీ లేని సర్కారుల్లో విజయనగరం ఆనందరాజు తిరగబడి, బెంగాల్లో ఉన్న క్లైవుకు కబురు పెట్టాడు. క్లైవు కర్నల్ ఫోర్డును జహాజుల మీద పంపాడు. ఈ ఫోర్డు కూడా అదే 39వ రెజిమెంటు వదిలి కుంఫిణీలో చేరినవాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళను ఓడించి, రాజమండ్రి, ఏలూరు మీదుగా కొల్లేరు దాటి మచిలీపట్నం చేరాడు. ఫౌజు ఖర్చు ఆనందరాజు భరించాలన్నది ఒప్పందం. ఆయన రూపాయి తియ్యడు. తన్ఖా లేక మచిలీపట్నం ముందే గోరా సిపాయిలు బగావత్ చేశారు. సలాబత్ జంగ్ బెజవాడ దాకా వచ్చి కూర్చున్నాడు. అటు కోటలో ఫ్రెంచి, ఇటు వెనక నిజాం. 1759 ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డు తెగించి కోట మీద పడ్డాడు. తెల్లారేసరికి పట్టుబడ్డ కైదీలు, పట్టుకున్నవాళ్ళకంటే ఎక్కువున్నారు.

మే 14న సలాబత్ జంగ్ సులహ్‌నామా రాసిచ్చాడు. మచిలీపట్నం, నిజాంపట్నం చుట్టుపక్కల ముల్కు ఇంగ్లీషువాళ్ళకు ఇనాం. ఇంకో షరతు, ఫ్రెంచివాళ్ళను ఇకమీద కొలువులో పెట్టుకోను, పిలవను, మదత్ చెయ్యను. ఎవరి ఫౌజును అరువు తెచ్చుకోవాలో కూడా నిజాం ఇంకొకర్ని అడగాల్సిన రోజు వచ్చింది.

తర్వాత అంతా ఒకే పాట, గొంతు మారింది అంతే. 1766లో కుంఫిణీ ఫౌజు కొండపల్లి కోటలో దిగింది. ఆ నవంబరులో హైదరాబాదు ఒప్పందం. సర్కారులు ఇంగ్లీషువాళ్ళకు, బదులుగా ఏటా పేష్కష్, అవసరమైనప్పుడు ఫౌజు. 1768లో దాన్ని రెండు పటాలాలు, ఆరు ఫిరంగులు అని ఖరారు చేశారు. వాటి ఖర్చు మళ్ళీ నిజాందే! 1798లో ఫ్రెంచి అఫ్సర్ రేమాన్ చనిపోయాక ఆయన పెంచిన ఫౌజును హైదరాబాదులోనే హత్యార్లు లాగేసుకుని చెదరగొట్టారు. ఆయన పేరు మూసారాంబాగ్‌లో మిగిలింది. వాళ్ళ జాగాలో ఆరు ఇంగ్లీషు పటాలాలు, ఏటా 24 లక్షల పైచిలుకు తన్ఖా. రెండేళ్ళకే నగదు కుదరదని 1800లో బళ్ళారి, కడప, అనంతపురం వైపు ముల్కు రాసిచ్చారు. రాయలసీమను దత్తమండలం అన్నది ఇందుకే. 1753 సనద్‌లో కనీసం ఫౌజు ఉన్నన్నాళ్ళూ అన్న షరతు ఉంది. ఈసారి అదీ లేదు.

అంతటితోనూ ఆగలేదు. రెసిడెంట్ హెన్రీ రసెల్ హయాంలో నిజాం ఖర్చుతోనే ఇంకో ఫౌజు, రసెల్ బ్రిగేడ్. అఫ్సర్లు ఇంగ్లీషువాళ్ళు, జీతాలు ఘనం. ఎంత ఖర్చయినా పాపం నైజాం ఇచ్చుకుంటాడులే అని వాళ్ళే మజాక్ చేసుకునేవారు. చందూలాల్ ఖజానాలో రూపాయి లేక పామర్ అండ్ కంపెనీ అనే సాహుకారు దుకాణంలో వడ్డీకి తెచ్చి ఆ ఫౌజుకు పోశాడు. 1823లో ఆ అప్పు తీర్చడానికి ఉత్తర సర్కారుల మీద నిజాంకు రావాల్సిన పేష్కష్‌ను ఒక్కసారిగా 1 కోటి 16 లక్షల 66 వేల పైచిలుకు రూపాయలకు వదులుకున్నారు. కొండపల్లి, ఏలూరు మొదట పోయింది ఒక అరువు ఫౌజు తన్ఖాకు. వాటి మీద చివరి హక్కు పోయింది ఇంకో అరువు ఫౌజు అప్పుకు. 1853లో బేరార్ పోయింది కూడా ఆ ఫౌజు ఖర్చుకే.

1914 నాటికి లెక్క పూర్తిగా తిరగబడింది. ఇప్పుడు అరువిచ్చేవాడు నిజాం. హైదరాబాద్ లాన్సర్స్ అనే గుర్రపు దళం మైసూరు, జోధ్‌పూర్ వగైరా సంస్థానాల దళాలతో కలిసి అంగ్రేజుల బ్రిగేడులో ఈజిప్టు, అక్కడి నుంచి ఫలస్తీన్ పోయింది. ఇంపీరియల్ సర్వీస్ దళాల ఖర్చు ఆ సంస్థానాలదే. తెచ్చుకున్నప్పుడూ మనమే ఇచ్చాం, పంపినప్పుడూ మనమే ఇచ్చాం. పైగా ఎదురుగా ఉన్నది ఉస్మానీ ఖలీఫా ఫౌజు. ఇంగ్లీషువాళ్ళకు తోడుండమని మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ముసల్మానులకు చెప్పాడు. హైదరాబాదు మస్జిదుల్లో అప్పటిదాకా ఖుత్బాలో ఖలీఫా పేరు విన్న కుటుంబాల పిల్లలే ఆ గుర్రాల మీద పోయారు. వాళ్ళ దిల్‌లో ఏముందో రెజిమెంటు కాగితాల్లో రాయరు. దిల్లీ తీన్ మూర్తి చౌక్‌లో నిలబడ్డ మూడు కంచు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్స్ తరఫునే. ఈసారి దిల్లీ పోతే పిల్లలకు చూపించండి.

ఇక మన ఇంటి సంగతి. సర్కారులకూ నిజాం ముల్కుకూ మధ్య 1766లో పడ్డ గీత నూజివీడు తోటలకు ఉత్తరాన పోతుంది. ఇటు కుంఫిణీ రూపాయి, అటు హాలీ సిక్కా. ఇటు మద్రాసు కచేరీ, అటు హైదరాబాదు కచేరీ. ఒకే జబాన్, ఒకే బిరాదరీ, నిఖా సంబంధాలు అటూ ఇటూ. 1956లో ఆ గీత చెరిగింది. 2014 జూన్ 2న మళ్ళీ లేచింది. 2022లో ముసునూరు, నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారాయి, అది వేరే కిస్సా. ఇవాళ చాట్రాయి దాటి వేంసూరు, సత్తుపల్లి వైపు కూతురి ఇంటికి మామిడిపళ్ళ బుట్ట తీసుకుని బయలుదేరే అమ్మీజాన్‌కు దారిలో రాష్ట్రం మారుతుంది. రేషన్ కార్డు మారుతుంది, షాదీ స్కీము పేరు మారుతుంది, బస్సు రంగు మారుతుంది.